అమ్మ ఒక్కసారే చూసిన సినిమా

పాలకొల్లులో మా వీధి ఆడవాళ్ళు సినిమాకి బయల్దేరితే ఒక ఇల్లు కాదు, నాలుగైదు ఇళ్ళు కదిలేవి. మధ్యాహ్నం భోజనాలై వంటిల్లు సర్దుకునేసరికి ఎవరో ఒకరు గుమ్మంలోకొచ్చి "మ్యాట్నీకి వస్తున్నారా వదినా?" అని కేకేసేవాళ్ళు. పావుగంటలో అందరూ తలలు దువ్వుకుని, పిల్లల్ని వెంటేసుకుని, జంతికల పొట్లాలు సంచిలో పడేసుకుని రోడ్డెక్కేవాళ్ళు. 1993లో 'మాతృదేవోభవ'కి కూడా అలాగే వెళ్ళాం. నాకప్పుడు పదకొండేళ్ళు, ఆరో తరగతి. చెల్లికి ఎనిమిది, తమ్ముడికి నాలుగు.

అప్పటికే ఊళ్ళో ఆ సినిమా గురించి ఒకటే మాట. బాగుందంట, కానీ ఏడుపంట. ఏడుపు సినిమా అంటే మా వీధివాళ్ళకి భయమేమీ లేదు. మా అమ్మమ్మ 'దేవదాసు' ఎన్నిసార్లు చూసిందో ఆవిడకే తెలీదు. 1953లో వచ్చిన సినిమా అది. కొత్తలో ఒకసారి, తర్వాత టూరింగ్ టాకీసు ఊరికొచ్చినప్పుడల్లా ఒకసారి, మేం పుట్టాక దూరదర్శన్‌లో మళ్ళీ. చూసిన ప్రతిసారీ పార్వతి గుమ్మం ముందు దేవదాసు ప్రాణం పోయేచోట పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సినిమా అయ్యాక మొహం కడుక్కుని, మంచి కాఫీ కలుపుకుని తాగేది. ఆవిడకి ఆ ఏడుపు ఒక సుఖం. నాగేశ్వరరావు దగ్గు, సావిత్రి కళ్ళు, ఘంటసాల గొంతు, అన్నీ ఆవిడకి చుట్టాల్లాంటివి. పిలిస్తే వచ్చి కాసేపు ఏడిపించి వెళ్ళిపోయేవి.

మాతృదేవోభవ కూడా అలాంటిదే అనుకుని వెళ్ళాం.

లేడీస్ కౌంటర్ దగ్గర తోపులాటలో మా పక్కింటి అత్తయ్యగారి గాజులు రెండు చిట్లాయి. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. తమ్ముడు అమ్మ ఒళ్ళో, నేను అమ్మకి కుడివైపు, చెల్లి అవతల. తెర మీద మాధవి కనపడగానే వెనక వరసలో ఎవరో "ఖైదీలో చేసిన పిల్లే కదా!" అన్నారు. పదేళ్ళ కిందట చిరంజీవి పక్కన పాములా మెలికలు తిరుగుతూ నాట్యం చేసిన మాధవి ఇందులో ముతక చీర కట్టుకుని, నలుగురు పిల్లల తల్లిగా ఉంది. అప్పటిదాకా మేం ఎక్కువగా విలన్‌గా చూసిన నాజర్ తాగుడు అలవాటున్న మొగుడు.

కథ తెలియనివాళ్ళు తక్కువే. అనాథాశ్రమంలో పెరిగిన శారద, ఆవిడ భర్త, నలుగురు పిల్లలు. భర్త హత్యకి గురవుతాడు. కొన్నాళ్ళకి ఆవిడకి బ్లడ్ క్యాన్సర్ అని తెలుస్తుంది. తను పోతే పిల్లలు మళ్ళీ తనలాగే అనాథాశ్రమం పాలవుతారని, బతికుండగానే ఒక్కొక్కర్నీ ఒక్కో ఇంటికి పెంపకానికి ఇచ్చేస్తుంది. ఒక కాలు సరిగ్గా లేని కొడుకుని మాత్రం ఎవరూ తీసుకోరు. ఇంతే కథ. కె.ఎస్. రామారావు తీసిన ఆ సినిమాకి దర్శకుడు కె. అజయ్ కుమార్. అదే ఏడాది మలయాళంలో వచ్చిన 'ఆకాశదూత్' దీనికి మూలం, అందులో కూడా తల్లి మాధవే. ఇవన్నీ నాకు తర్వాతెప్పుడో తెలిశాయి. ఆ రోజు తెలిసిందల్లా హాలంతా ఏడుస్తోందని.

ఇంటర్వెల్లో గోళీసోడా కుర్రాడు సీసాల మీద టకటకలాడిస్తూ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. వాడే కాసేపు నిలబడి, ఆడవాళ్ళ మొహాలు చూసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయాడు. ఇంటర్వెల్ తర్వాత పిల్లల్ని ఇచ్చేయడం మొదలైంది. అప్పటిదాకా ముక్కులు చీదుకున్నవాళ్ళు పైకే ఏడవడం మొదలుపెట్టారు. "ఇవ్వకే తల్లీ, ఇవ్వకు" అని ముందు వరసలో ఒక ముసలావిడ తెరతో మాట్లాడింది. పక్కింటి అత్తయ్యగారు మా చెల్లిని లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. నేనూ వెక్కి వెక్కి ఏడ్చాను. మా అమ్మ చచ్చిపోతే మమ్మల్ని ఎవరికిస్తుంది, తమ్ముణ్ణి ఎవరు తీసుకుంటారు, నన్ను ఎవరూ తీసుకోకపోతే ఎలా... పదకొండేళ్ళ బుర్రకి అంతకన్నా ఏం తోస్తుంది?

అమ్మ మాత్రం ఏడవలేదు. అంత ఏడుపు మధ్యలో ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. రెప్ప వెయ్యకుండా తెర వైపే చూస్తోంది. ఎడం చేత్తో తమ్ముణ్ణి పొదువుకుని, కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. పట్టుకోవడం అంటే మామూలుగా కాదు. ఆవిడ చేతి గాజులు నా చేతికి నొక్కుకుని నొప్పి పుట్టింది. "అమ్మా, చెయ్యి" అన్నాను. వినపడలేదు. సినిమా అయ్యి లైట్లు వేశాక చూసుకుంటే నా మణికట్టు చుట్టూ మూడు ఎర్రటి గీతలు పక్కపక్కన ఉన్నాయి.

కాలవ గట్టు మీద నడిచి వస్తున్నప్పుడు అందరూ సినిమా గురించే మాట్లాడుతున్నారు. అమ్మ ముందు నడుస్తోంది. ఇంటికొచ్చి పొయ్యి వెలిగించింది, అన్నం వండింది, మాకు పెట్టింది. తను తిన్నదో లేదో గుర్తు లేదు.

మర్నాడు పొద్దున్నే "ఆకివీడు వెళ్దాం, స్కూలుకి వద్దు" అంది. నాన్న ఆశ్చర్యపోయారు. పండగ లేదు, పబ్బం లేదు. "ఏమైందే?" అంటే "పిన్నిని చూసి చాలా రోజులైంది" అంది. రైసుమిల్లులో గుమాస్తా ఆయన. ఖర్చు అంటే ముందూ వెనకా చూసుకునే మనిషి. అయినా జేబులోంచి డబ్బు తీసి ఇచ్చారు, ఇంకేమీ అడగలేదు. భీమవరంలో బస్సు మారి, ఆకివీడు దగ్గరి పల్లెకి చేరేసరికి మధ్యాహ్నం అయింది.

చిన్నమ్మమ్మ, అంటే మా అమ్మమ్మకి చెల్లెలు, అరుగు మీద చాప పరుచుకుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి కంగారుపడి లేచింది. "ఏంటమ్మా, కబురూ కాకరకాయా లేకుండా వచ్చావ్? అక్కకి బాగానే ఉందా?" అంది. అమ్మ "అందరికీ బాగానే ఉంది" అని, వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర అరుగు మెట్టు మీద వీపు తిప్పి కూర్చుంది. జడ ముందుకి లాక్కుని రబ్బరు బ్యాండు తీసేసింది.

"పిన్నీ, తల దువ్వవా?"

అమ్మకప్పుడు ముప్ఫై రెండేళ్ళు. ముగ్గురు పిల్లల తల్లి. చిన్నమ్మమ్మ ఒక్క క్షణం అలా చూసి, చింతపండు చేతులు కడుక్కుని వచ్చింది. కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన తెచ్చుకుంది. నూనె అరచేతిలో వేసుకుని మాడుకి పట్టించింది. చిక్కులు ఒక్కొక్కటీ వేళ్ళతో విప్పింది. ఎక్కడా దువ్వెన లాగలేదు. పాయలు తీసి కింది దాకా అల్లి, చివర ముడి వేసి, కాసేపు ఆ జడని చేత్తో పట్టుకుని కూర్చుంది. తర్వాత విప్పేసింది. మళ్ళీ మొదట్నుంచీ దువ్వి, మళ్ళీ అల్లింది. మాకు ఆకలేస్తోంది. తమ్ముడు ఏడుస్తున్నాడు. వాళ్ళిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఆ రోజు అక్కడేం జరిగిందో నాకు తెలియడానికి పదమూడేళ్ళు పట్టింది.

2006లో నేను కడుపుతో పుట్టింటికి వచ్చాను. అప్పటికి అమ్మమ్మ పోయి నాలుగేళ్ళు, చిన్నమ్మమ్మ పోయి ఏడాది. మధ్యాహ్నం పూట అమ్మ నా కాళ్ళకి నూనె రాస్తూ, ఎవరి గురించో చెప్పినట్టు చెప్పింది. అమ్మమ్మకి పిల్లల్లేరట. చిన్నమ్మమ్మకి అయిదుగురట. మూడో పిల్లని అక్కకి ఇచ్చిందట. ఆ మూడో పిల్ల మా అమ్మ. అప్పటికి మూడేళ్ళది.

మా వైపు అది పెద్ద వింతేమీ కాదు. పిల్లల్లేని అక్కకో అన్నకో ఒకర్ని ఇవ్వడం చాలా ఇళ్ళల్లో ఉండేది. దత్తత అని కాగితాలేమీ రాసుకునేవాళ్ళు కాదు. పెంపకానికి ఇచ్చారు అంటే అంతే. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కన్నతల్లి ఆ రోజు నుంచీ పిన్ని. కన్నతండ్రి బాబాయి. నేను తప్ప మా చుట్టాల్లో పెద్దవాళ్ళందరికీ తెలుసన్నమాట.

"ఆ రోజు హాల్లో అందరూ శారద కోసం ఏడ్చారే," అంది అమ్మ. "వాళ్ళంతా తల్లులు కదా, తల్లి వైపు కూర్చుని చూశారు. నేను ఆ పిల్లల వైపు ఉన్నాను. నన్ను తీసుకెళ్ళేటప్పుడు అమ్మ భుజం మీద నిద్రపోతున్నానంట. బస్సు కదిలేటప్పుడు పిన్ని మొహం ఎలా ఉందో నేను చూళ్ళేదు. అడగడానికీ నోరు రాలేదు. మాధవి మొహం చూసి, ఓహో ఇలా ఉండుంటుంది అనుకున్నాను."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా పిన్ని అనే అంది. అమ్మ అనలేదు.

అందుకే ఆవిడ ఆ సినిమాని మళ్ళీ చూడలేదు. కేబుల్ వచ్చాక అది నెలకోసారి ఏదో ఒక చానెల్లో వచ్చేది. మొదటి సీను కనపడగానే అమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. ఎండలేని రోజున కూడా వెళ్ళేది. కానీ పాటల దగ్గర అలా లేదు. రేడియోలో విజయవాడ కేంద్రం నుంచి చిత్ర పాడిన 'వేణువై వచ్చాను' వస్తే సౌండు పెంచమనేది. కూర తరుగుతూ తనూ పాడేది. 'రాలిపోయే పువ్వా' అయితే పాడదు, వింటుంది. కీరవాణి తన స్వరానికి తనే పాడుకున్న పాట అది. వేటూరికి జాతీయ పురస్కారం తెచ్చింది. తెలుగులో శ్రీశ్రీకి అల్లూరి సీతారామరాజు పాటకి వచ్చాక మళ్ళీ ఆ గౌరవం దక్కింది దీనికే. సినిమాలో ఉన్న బాధనంతా పాటలోకి తీసి, దాన్ని మోయగలిగినంత బరువు చేసి మన చేతుల్లో పెట్టాడు వేటూరి అనిపిస్తుంది నాకు. రెండున్నర గంటల సినిమాని మోయలేని మా అమ్మ అయిదు నిమిషాల పాటని ముప్ఫై ఏళ్ళుగా మోస్తోంది.

గొప్ప సినిమా అయితే ఎన్నిసార్లయినా చూడొచ్చు అంటారు. నేను ఒప్పుకోను. కొన్ని సినిమాలు మన ఇంట్లో మూసిపెట్టిన గది తలుపు తీస్తాయి. ఒకసారి లోపలికి చూశాక తలుపు వేసేస్తాం. సినిమా బాగుండక కాదు, ఆ గది మనది కాబట్టి.

మా బాబాయికి అలాంటి సినిమా 'మహానది'. 1994 సంక్రాంతికి తమిళంలో వచ్చి, తర్వాత తెలుగులోకి డబ్ అయిన కమల్ హాసన్ సినిమా. సంతాన భారతి దర్శకుడు, సంగీతం ఇళయరాజా. మేం టీవీలో చూసేనాటికి బాబాయి మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఉండడం అంటే, దాక్కోవడం. అంతకు ముందు ఏడాది ఊళ్ళో ఒక ఫైనాన్స్ కంపెనీ రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసింది. బాబాయి వాళ్ళ దగ్గర చీటీలు కట్టించే ఏజెంటు. తన డబ్బూ పోయింది, తన మాట నమ్మి కట్టినవాళ్ళ డబ్బూ పోయింది. ఓనరు దొరకలేదు కాబట్టి జనం బాబాయి ఇంటికొచ్చారు. కూతురి పెళ్ళికని దాచుకున్న డబ్బు పోగొట్టుకున్న ఇడ్లీ బండి ఆవిడ రోజూ పొద్దున్నే వచ్చి, తిట్టకుండా, అరవకుండా గుమ్మం దగ్గర కూర్చునేదట. ఆవిడ తిడితే బాగుండేదని చాలాసార్లు అన్నాడు.

మహానదిలో కమల్ తమిళనాడులోని కుంభకోణం వైపు రైతు. పచ్చటి పొలం, కావేరి, ఇద్దరు పిల్లలు. పట్నం నుంచొచ్చిన మోసగాడి మాట నమ్మి చీటీల కంపెనీలోకి దిగుతాడు, చివరికి నేరం తన నెత్తిన పడి జైలుకెళ్తాడు. సంతకాలు చేసే దగ్గరికి వచ్చేసరికి బాబాయి లేచి వీధి అరుగు మీద కూర్చున్నాడు. పిన్ని పిలిచినా రాలేదు. మేం పిల్లలం మాత్రం చివరిదాకా చూశాం. చూడకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

జైలు నుంచి వచ్చిన తండ్రి పిల్లల్ని వెతుక్కుంటాడు. కొడుకు వీధుల్లో గారడీ చేసి పొట్టపోసుకునేవాళ్ళ దగ్గర దొరుకుతాడు. కూతురు కలకత్తాలో సోనాగాచి అనే వేశ్యావాటికలో దొరుకుతుంది. అక్కడి ఆడవాళ్ళే తలా కొంచెం డబ్బు వేసుకుని ఆ పిల్లని విడిపించి పంపిస్తారు. అంతవరకూ ఎలాగో చూడొచ్చు. ఇంటికి తీసుకొచ్చాక ఒక రాత్రి ఆ పిల్ల నిద్రలో మాట్లాడుతుంది. కలలో కూడా ఆ గదిలోనే ఉంది. తండ్రి వింటాడు. ఆ సీను గురించి ఇంతకన్నా రాయలేను. ఒక్క దెబ్బ లేదు, ఒక్క చుక్క రక్తం లేదు. ఒక పిల్ల నిద్ర, ఒక తండ్రి మొహం. అప్పుడు నాకు పదమూడేళ్ళు, కూతురి వయసు. ఆ వారమంతా నిద్రలో ఏమైనా మాట్లాడతానేమోనని భయపడి పడుకునేదాన్ని. ఇప్పుడు చూడాలంటే నేను ఆ తండ్రి వైపు కూర్చోవాలి. అది నావల్ల కాదు.

తర్వాత చాలా ఏళ్ళకి, 2014లో 'నా బంగారు తల్లి' వచ్చింది. రాజేష్ టచ్‌రివర్ తీసింది. మనుషుల అక్రమ రవాణాకి గురైన ఆడపిల్లల కోసం పనిచేసే సునీతా కృష్ణన్ నిర్మాతల్లో ఒకరు. అంజలి పాటిల్ నటనకి, శంతను మోయిత్రా నేపథ్య సంగీతానికి జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చింది, తెలుగులో ఉత్తమ చిత్రంగా కూడా ఎంపికైంది. కథ అమలాపురంలో మొదలవుతుంది. మాకు గోదావరి దాటితే అమలాపురమే. ఆ కొబ్బరిచెట్లు, ఆ కాలవలు, కూతుర్ని 'తల్లీ' అని పిలుచుకునే తండ్రులు, అన్నీ మావే. ఊళ్ళో పెద్దమనిషిగా తిరిగే ఆ తండ్రి చేసే చీకటి వ్యాపారం తిరిగి తిరిగి తన కన్నకూతురి దాకా వస్తుంది. సినిమా అయ్యాక రాత్రి పదకొండింటికి నాన్నకి ఫోన్ చేశాను. "ఏంటమ్మా ఈ టైములో?" అని కంగారుపడ్డారు. "ఏం లేదు నాన్నా, తిన్నారా?" అన్నాను. "ఎప్పుడో తిన్నాను. ఏమైనా టెన్షనా?" అన్నారు. "లేదు, ఊరికే" అన్నాను. కాసేపు ఫోను పెట్టెయ్యకుండా ఇద్దరం అలాగే ఉన్నాం.

ఇక నాది. నేను, నా తమ్ముడు కలిసి చూసింది.

2010లో వాడు ఉద్యోగం వెతుక్కుంటూ బెంగుళూరులో మా ఇంటికొచ్చాడు. ఒక శనివారం పెన్‌డ్రైవ్‌లో ఏదో తెచ్చి "జపాన్ కార్టూన్ అక్కా, బాగుంటుందంట" అన్నాడు. పాపని పడుకోబెట్టి, ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అది 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్'. మిణుగురుల సమాధి. 1988లో ఇసావో తకహాతా తీసింది.

మొదటి సీనులోనే పిల్లవాడు చచ్చిపోతాడు. 1945 సెప్టెంబర్ 21 రాత్రి తను చనిపోయానని వాడి గొంతే చెప్తుంది. కోబె నగరంలో సన్నోమియా రైల్వేస్టేషన్లో, స్తంభానికి ఆనుకుని, ఆకలితో. వాడి దగ్గరున్న తుప్పుపట్టిన రేకు డబ్బాని స్టేషన్ మనిషి బయటికి విసిరేస్తాడు. డబ్బా మూత ఊడి, అందులోంచి చిన్న ఎముకలు రాలతాయి. చుట్టూ మిణుగురులు లేస్తాయి. అక్కణ్ణుంచి కథ వెనక్కి వెళ్తుంది. అంటే ఏం జరగబోతోందో ముందే చెప్పేశాడు. ఆశ పడడానికి సందు వదల్లేదు. అయినా గంటన్నర సేపు ఆశ పడుతూనే ఉంటాం.

అన్న సెయితాకి పద్నాలుగు, చెల్లి సెత్సుకోకి నాలుగు. అమెరికా విమానాలు కోబె మీద నిప్పుల బాంబులు కురిపిస్తాయి. తల్లి కాలిన గాయాలతో చనిపోతుంది. ఆ సంగతి అన్న చెల్లికి చెప్పడు. ఆస్పత్రిలో ఉంది, తర్వాత తీసుకెళ్తాను అంటాడు. ఏడ్చినప్పుడల్లా ఆ రేకు డబ్బాలోంచి ఒక పళ్ళ బిళ్ళ తీసి నోట్లో వేస్తాడు. బిళ్ళలు అయిపోయాక డబ్బాలో నీళ్ళు పోసి, గిలకొట్టి, ఆ తియ్యటి నీళ్ళు తాగిస్తాడు. చివర్లో ఆకలికి మతి తప్పిన ఆ పసిపిల్ల మట్టిని ముద్దలు చేసి, అన్నం ముద్దలని అన్న ముందు పెడుతుంది. తిను అంటుంది.

ఆ కథ ఊహించి రాసింది కాదు. అకియుకి నోసాకా అనే రచయిత యుద్ధకాలంలో తన చిన్న చెల్లెల్ని అలాగే పోషకాహారం లేక పోగొట్టుకున్నాడు. 1967లో రాసిన ఆ కథ ఆ చెల్లెలికి చెప్పుకున్న క్షమాపణ. దర్శకుడు తకహాతా కూడా తొమ్మిదేళ్ళ వయసులో ఒకయామా మీద జరిగిన బాంబు దాడిలోంచి బయటపడ్డవాడే. తెలిసినవాడు తీసిన సినిమా కాబట్టి అందులో ఎక్కడా అరిచి ఏడిపించడం ఉండదు. బహుశా అందుకే అంత నొప్పి.

సినిమా అయ్యాక నేను లేవలేదు. నాకు 1994 వేసవి గుర్తొచ్చింది. అమ్మకి ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చి, ఆపరేషన్ అని భీమవరం తీసుకెళ్ళారు. నాన్న అక్కడే ఉండిపోయారు. చెల్లిని అమ్మమ్మ చూసుకుంది గానీ తమ్ముడు నా చంక దిగలేదు. నాకు పన్నెండు, వాడికి అయిదు. ఆపరేషన్ తర్వాత ఏదో తేడా చేసిందని, బతకడం కష్టమని పెద్దవాళ్ళు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. "అమ్మ ఎక్కడికెళ్ళింది?" అని వాడు అడిగితే, "ఆకివీడు వెళ్ళింది, రేపొస్తుంది" అన్నాను. పదకొండు రోజులు రేపొస్తుంది అనే చెప్పాను. నాన్న ఇచ్చి వెళ్ళిన చిల్లరతో రోజుకి రెండు న్యూట్రిన్ చాక్లెట్లు కొనేదాన్ని. పొద్దున ఒకటి, రాత్రి పడుకునేటప్పుడు ఒకటి. రాత్రి దాన్ని వాడు నమలకుండా చప్పరిస్తూ నిద్రపోయేవాడు. అమ్మ తిరిగొచ్చింది. మా కథ అక్కడే వేరయింది. కానీ ఆ పదకొండు రోజులూ నేను సెయితానే.

"నీకు గుర్తుందా, అమ్మ ఆకివీడు వెళ్ళిందని చెప్పేదాన్ని" అన్నాను వాడితో.

సినిమాలో ఒకచోట సెత్సుకో చెప్తుంది, అమ్మ చచ్చిపోయిందని నాకు తెలుసు, అత్త చెప్పింది అని. అన్న అన్ని రోజులూ దాచింది దాగలేదన్నమాట. నేను దాని గురించే ఆలోచిస్తున్నాను. తమ్ముడు లాప్‌టాప్ మూత మూసి, చాలాసేపటికి అన్నాడు.

"నాకు తెలుసక్కా. అమ్మమ్మ దేవుడి గదిలో ఏడుస్తుంటే విన్నాను. నువ్వు ఏడుస్తావని నీకు చెప్పలేదు."

అయిదేళ్ళ పిల్లాడు. చాక్లెట్టు చప్పరిస్తూ, నాకోసం నిద్ర నటించాడు.

ఆ సినిమా గురించి మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. వాడు ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. వాడి కొడుక్కి జపాన్ బొమ్మల సినిమాలంటే పిచ్చి. అదే రోజున, అదే టికెట్టు మీద జపాన్‌లో విడుదలైన ఇంకో సినిమా ఉంది, 'మై నైబర్ టొటోరో'. అది ఆ పిల్లాడు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. రెండోది ఉందని వాడికి మా తమ్ముడు చెప్పలేదు.

మాతృదేవోభవని నేను ఒకసారి మళ్ళీ చూద్దామనుకున్నాను. 2016లో, పాప పదో ఏట. ఇల్లంతా పడుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యూట్యూబ్‌లో పెట్టాను. చిన్నప్పుడు ఆ పిల్లల్లో ఒకదాన్నై చూశాను. అమ్మ కూడా పిల్లగానే చూసింది. ఈసారి చూస్తే నేను శారదని కావాలి. పేర్లు పడడం అయిపోక ముందే ఆపేశాను. లేచి పాప గదిలోకి వెళ్ళి, దుప్పటి సరిచేసి, మళ్ళీ వచ్చి పడుకున్నాను.

పోయిన దసరాకి అమ్మ మా దగ్గరికి వచ్చింది. పాప ఇప్పుడు కాలేజీ. సంగీతం నేర్చుకుంటోంది. కాలేజీ ఫంక్షన్లో పాడడానికి పాత పాటొకటి వెతుక్కుని, హాల్లో కూర్చుని ఫోనులో ట్రాక్ పెట్టుకుని సాధన చేస్తోంది. వేణువై వచ్చాను. అది ఏ సినిమాలోదో దానికి తెలీదు, నేను చెప్పలేదు. వంటింట్లో అమ్మ తాళింపు వేస్తోంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. పల్లవి అయ్యేసరికి స్టవ్ ఆపిన చప్పుడు వినపడింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, సోఫాలో కాకుండా పాప వెనకాల మంచం మీద కూర్చుంది. దాని జుట్టు వదులుగా ఉంటే దగ్గరికి లాక్కుని వేళ్ళతో చిక్కు తియ్యడం మొదలుపెట్టింది.

"గగనానికి అన్నచోట తొందరపడుతున్నావే," అంది. "అక్కడ కొంచెం ఆగు. మళ్ళీ పాడు."